ఆదేశం నోటితో, మెమో కాగితంతో

డిసెంబరు వచ్చిందంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి ముసురుకుంటుంది. పదో తరగతి పిల్లలకు వందరోజుల ప్రణాళిక నడిచేదీ ఆ రోజుల్లోనే. బడి విడిచాక మరో గంట ప్రత్యేక తరగతి, సెలవురోజుల్లో స్లిప్ టెస్టులు. వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలాల్లో చాలాచోట్ల హైస్కూలుకీ పిల్లల ఊళ్లకీ మధ్య జీడితోటలు, కొబ్బరితోటలు పరచుకుని ఉంటాయి. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఎలుగుబంటి ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరిచాక, పొద్దుపోయిన వేళ ఆ తోటల్లో నడవాలంటే పెద్దవాళ్లే జంకుతున్నారు. అలాంటి చోట ప్రత్యేక తరగతి అయ్యాక ఆడపిల్లల్ని ఊరిదాకా దిగబెట్టేది ఎవరు? టైంటేబుల్లో దానికి గడి ఉండదు. “ఆయమ్మని తోడు పంపించండి” అని ఒకరు ఫోన్లో చెబుతారు. “మేష్టారూ, మీరెలాగూ అటే కదా వెళ్తారు, కాస్త చూసుకోండి” అని ఇంకొకరంటారు. ఆ మాట చెప్పినవారి పేరు ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. దారిలో జరగరానిది జరిగితే మాత్రం తోడు వెళ్లినవారి పేరు మెమోలో మొదటి వరుసలో ఉంటుంది.

ఇలాంటి పనులు ఒకటీ రెండూ కావు. మండల క్రీడాపోటీలకు పిల్లల్ని ఆటోల్లో టెక్కలి తీసుకెళ్లడం, సైన్స్ ఫెయిర్‌కు శ్రీకాకుళం పంపడం, తేలినీలాపురంలో విదేశీ పక్షుల్ని చూపించడం, కార్తీకమాసంలో వనభోజనాలంటూ బారువకో, భావనపాడుకో, అక్కుపల్లి శివసాగర్ తీరానికో బయల్దేరదీయడం, తరగతిలో కళ్లు తిరిగి పడిపోయిన పిల్లని పలాస ఆసుపత్రికి మోసుకెళ్లడం. వీటిలో కొన్ని ఉపాధ్యాయుల పనే అనుకున్నా, చాలావాటికి లిఖితపూర్వక ఆదేశం ఉండదు. కొన్నింటిని ఆ పనికి ఏ సంబంధమూ లేని ఆయాలు, వంటమనుషులు, వాచ్‌మన్లు చేస్తారు. నా వాదన ఒక్కటే. ఉద్యోగ విధుల్లో లేని సంరక్షణ పనిని అప్పగించినవారు తమ పేరు రాసి సంతకం పెట్టాలి. పెట్టకుండా నోటిమాటతో పని జరిపించుకుంటే, తరవాత వచ్చే విచారణలో మొదట నిలబడాల్సింది వారే.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. “అది నా డ్యూటీ కాదు” అన్న మాట కోర్టులో రక్షిస్తుందని చాలామంది సిబ్బంది నమ్ముతారు. రక్షించదు. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ చూడండి. పిల్లల మీద వాస్తవంగా అధీనం గాని, అదుపు గాని ఉన్నవారు వారిని ఉద్దేశపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే మూడేళ్ల దాకా జైలు. పిల్లల సంరక్షణ చూసే సంస్థలో పనిచేసేవారైతే అయిదేళ్ల దాకా కఠిన శిక్ష. వాస్తవంగా పిల్లలు ఎవరి చేతిలో ఉన్నారన్నదే అక్కడ ప్రశ్న. నియామక పత్రంలో ఏముందని ఆ సెక్షన్ అడగదు. ఇది సబబే కూడా. చేయి పట్టుకుని నీళ్లలోకి దింపిన మనిషి “నేను గుమాస్తాని” అని తప్పుకుంటే బిడ్డ పోయిన తల్లికి అంతకన్నా అన్యాయం ఉండదు. పిల్లల బాధ్యత ఒకసారి తలకెత్తుకున్నాక జాగ్రత్త తీసుకోవలసిన విధి దానంతటదే పుడుతుంది. కాబట్టి తోడు వెళ్లినవారికి బాధ్యత ఉందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. వారితోపాటు ఇంకెవరికి ఉంది, ఆ ఇంకెవరో ఎందుకు కనబడకుండా పోతున్నారు అన్నదే.

కనబడకుండా పోవడానికి కారణం, మన న్యాయవ్యవస్థలో నష్టపరిహారం పైకి పాకుతుంది, నేరారోపణ కిందనే ఉండిపోతుంది. మొదటిదానికి రెండు బియాస్ నది తీర్పులు సాక్ష్యం. 1995 మే 28న పఠాన్‌కోట్ దగ్గరి ఒక బడి పిల్లలు విహారయాత్రకు వెళ్లి బియాస్‌లో 14 మంది మునిగిపోయారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. ఎం.ఎస్. గ్రేవాల్ కేసుగా పేరుపడిన 2001 నాటి తీర్పులో, వెంట ఉన్న ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి యాజమాన్యమే జవాబు చెప్పాలని కోర్టు తేల్చింది. ఒక్కో బిడ్డకు 5 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. రెండోది మనవాళ్ల కథే. 2014 జూన్ 8న హైదరాబాద్ వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో లార్జీ జలాశయం నుంచి వదిలిన నీటికి అదే నదిలో కొట్టుకుపోయారు. ఆ రాష్ట్ర హైకోర్టు 2016లో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వాలని చెబుతూ, ఆ భారాన్ని విద్యుత్ బోర్డుకు 60, కళాశాలకు 30, ప్రభుత్వానికి 10 శాతంగా పంచింది. ఈ పంపకం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. ఒక ప్రమాదానికి ఎన్ని చేతులు కారణమో లెక్కగట్టి, ఒక్కో చేతికి ఒక వాటా రాసిన తీర్పు అది. ప్రభుత్వ బడి అయితే ప్రభుత్వం తప్పించుకోవచ్చు కదా అంటారేమో, దానికీ జవాబు మన రాష్ట్రం నుంచే వెళ్లింది. ఎన్. నాగేంద్రరావు అండ్ కంపెనీ అనే ఎరువుల వ్యాపార సంస్థ వేసిన కేసులో, అధికారులు జప్తుచేసిన సరుకు వారి అశ్రద్ధవల్ల పాడైపోతే నష్టం ప్రభుత్వమే భరించాలని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. ఎరువుల బస్తాలకు వర్తించిన న్యాయం ఎనిమిదో తరగతి పిల్లవాడికి వర్తించదని ఎవరూ వాదించలేరు.

నేరారోపణ దగ్గరకొచ్చేసరికి ఈ పంపకం మాయమవుతుంది. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల జైలు ఉండేది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని అయిదేళ్లకు పెంచింది. వైద్యులకు మాత్రం అదే సెక్షన్‌లో రెండేళ్ల గరిష్ఠ పరిమితి ఉంచింది. వైద్యుల విషయంలో 2005లోనే జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఒక కంచె కట్టింది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటే తప్ప క్రిమినల్ కేసు నిలవదని, ముందు మరో వైద్యుని నిష్పాక్షిక అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. నలభైమంది పిల్లల్ని ఒంటరిగా బీచ్ మీద కాచుకునే వ్యాయామోపాధ్యాయుడికి ఆ కంచె లేదు, పైపెచ్చు శిక్ష రెండున్నర రెట్లు. శాఖాపరంగానూ అంతే. సస్పెన్షన్ శిక్ష కాదని సర్వీసు నిబంధనలు చెబుతాయి. కానీ పేపర్లో ఫొటో పడి, సగం జీతంతో సమానమైన జీవనభృతి మీద నెలలు గడిపే మనిషికి ఆ మాట చెప్పి చూడండి. సస్పెన్షన్ అనేది చాలాసార్లు విచారణకు తొలిమెట్టులా కాక, ఊరి కోపాన్ని చల్లార్చే నీళ్లబిందెలా పనిచేస్తుంది. పిల్లల్ని పంపమని ఫోన్ చేసినవారు ఆ సాయంత్రమే విచారణాధికారిగా వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

విద్యాహక్కు చట్టం కాపాడదా? కొంతవరకే. 2009 నాటి ఆ చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే విద్యేతర పనికీ ఉపాధ్యాయుల్ని వాడరాదంది. అలా అన్న పదకొండేళ్లకు, 2020 మేలో, కొవిడ్ లాక్‌డౌన్ సడలించాక తెరిచిన మద్యం దుకాణాల ముందు వరుసలు సరిచేసే పని విశాఖ జిల్లాలో బడిపంతుళ్లకు వేశారు. చట్టాన్ని ఎంత గౌరవించామో చెప్పడానికి ఆ ఒక్క ముచ్చట చాలు. 37వ సెక్షన్ సదుద్దేశంతో చేసిన పనులకు దావాల నుంచి రక్షణ ఇస్తుంది, కానీ ఆ చట్టాన్ని అనుసరించి చేసిన పనులకే. చట్టం పరిధి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు, అంటే ఎనిమిదో తరగతి దాకా. చీకటిపడే దాకా బడిలో కూర్చోబెడుతున్నది పదో తరగతి పిల్లల్ని. అసలు ప్రమాదం ఉన్నచోటికి ఆ గొడుగు చేరదు. 2021 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ బడుల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చి, ప్రభుత్వ పాఠశాలల్లో ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులతోపాటు విద్యాశాఖ పాలనా యంత్రాంగాన్నీ జవాబుదారుల జాబితాలో చేర్చింది. కాగితం మీద అది నా వాదనే. కాకపోతే అవి సలహా రూపంలోనివి. జాబితాలో పేర్లున్నంత మాత్రాన ఒక నిర్ణీత సాయంత్రం ఎవరు ఎవరికి ఏం చెప్పారో తేలదు.

ఉపాధ్యాయులకు సంఘాలున్నాయి, కోర్టు ఖర్చులు పెట్టుకునే స్తోమత కొంతైనా ఉంది. ఆయా సంగతి చూడండి. నెలకు 6 వేల గౌరవవేతనం మరుగుదొడ్లు శుభ్రం చేసినందుకు. వంటమనిషికి 3 వేలు, గుడ్లు ఉడకబెట్టి సాంబారు కాచినందుకు. కాని బడి ఉదయం ఎలా గడుస్తుందో గమనించండి. ఆయా చీపురు పక్కన పెట్టి, మాస్టారు సెలవు పెట్టిన రెండో తరగతి గదిలో పలకలమీద గీతలు గీయిస్తూ కూర్చుంటుంది. ఇంటర్వెల్‌లో ప్రహరీ లేని వైపు రోడ్డు మీదకు పరుగెత్తేవాళ్లను అదిలిస్తుంది. జ్వరమొచ్చిన పిల్లని చంకనేసుకుని పీహెచ్‌సీకి నడుస్తుంది. ఇవన్నీ ఆమె నిరాకరించలేని పనులు, ఆమె కొనసాగింపు హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ దయమీద ఉంది గనక. ఏదైనా జరిగితే ఆమెకు సస్పెన్షన్ కూడా ఉండదు, రేపటినుంచి రావద్దంటారు, అంతే. పోలీసు కేసైతే జామీను ఇచ్చేవాళ్లను వెతుక్కోవాలి. పిల్లను తీసుకెళ్తూ తనకే ప్రమాదం జరిగిందనుకోండి, అప్పుడు “అది ఆమె పని కాదు” అన్న వాక్యం హఠాత్తుగా గుర్తొస్తుంది. ఉద్యోగికి పరిహారం ఇవ్వాలంటే ఆ గాయం పనిలో ఉండగా, పని కారణంగా తగలాలన్నది 1923 నాటి కార్మిక పరిహార చట్టం నుంచి వస్తున్న కొలమానం. నిందకు వచ్చేసరికి అది ఆమె పని, పరిహారానికి వచ్చేసరికి ఆమె పని కాదు. లిఖిత ఆదేశం ఒక్కటే ఈ రెండు నాలుకల్ని ఒకటి చేయగలదు.

నోటిమాట ఆదేశం తప్పన్నది నేను కనిపెట్టిన సూత్రం కాదు. 1964 నాటి కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తన నియమావళిలోని మూడో నియమం, పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలనీ, నోటిమాటలు వీలైనంత మానాలనీ, తప్పనిసరై చెబితే వెంటనే రాసి ధ్రువీకరించాలనీ అంటుంది. కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత ఉన్నతాధికారులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2013 అక్టోబరులో కోర్టు కూడా మౌఖిక ఆదేశాల మీద పనిచేయవద్దని అధికారులకు చెప్పింది. దేశంలో అందరికన్నా బలమైన ఉద్యోగులే రాత లేనిదే తమకు రక్షణ లేదని కోర్టు మెట్లెక్కారు. అదే మాట మందస మండలంలో ఒక ఆయా అడిగితే పొగరు అంటారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బరువైనది, గురువుకి కాగితమేమిటి అన్నది. బడి వేళలు దాటాక కూడా పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్న మాస్టర్లు ఉద్దానంలో తరతరాలుగా ఉన్నారు. ఆ అవసరం ఇక్కడ మరీ ఎక్కువ. తండ్రి చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్‌లో ఉంటాడు, తల్లి డయాలసిస్‌కు వెళ్లిన అత్తగారి వెంట ఆసుపత్రిలో ఉంటుంది, బిడ్డ ముసలి అమ్మమ్మ దగ్గర. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. అలాంటి ఇళ్ల పిల్లలకు బడే ఇల్లు, మాస్టారే పెద్దదిక్కు. కాగితాలడిగితే ఈ అనుబంధం తెగిపోతుందని, ఉపాధ్యాయులు నాలుగింటికి సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతారని భయం. ఈ భయంలో నిజం లేకపోలేదు. పనిదొంగలు ప్రతి నిబంధననీ సాకుగా వాడుకుంటారు. అయితే మనసున్న ఉపాధ్యాయులు వెనక్కి తగ్గుతున్నది కాగితం అడగాల్సి వచ్చినందుకా, కాగితం లేకుండా ఇరుక్కున్న తోటివారిని చూసినందుకా? విహారయాత్ర అంటేనే హెచ్ఎంలు ఎందుకొచ్చిన తంటా అంటున్నారు. రక్షణ లేకపోవడం వల్లే ఆ చేతులు వెనక్కి పోతున్నాయి. ఉపాధ్యాయుడు తనంతట తానే ముందుకొచ్చి చేసే సాయానికి నేను ఉత్తర్వు అడగడం లేదు. పైనుంచి వచ్చిన పనికే అడుగుతున్నాను.

తుపాను వేళ కాగితం కోసం ఆగుతామా అన్నది రెండో అభ్యంతరం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి చెట్లు వేళ్లతో సహా నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. బడులు పునరావాస కేంద్రాలయ్యాయి. అప్పుడు ఎవరు ఎవరికి ఉత్తర్వు రాస్తారు? రాయనక్కర్లేదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 73వ సెక్షన్ సదుద్దేశంతో సహాయ చర్యల్లో పాల్గొన్న ఉద్యోగులకు రక్షణ ఇచ్చింది, విద్యాహక్కు చట్టమూ విపత్తు పనిని మినహాయించింది. గమనించాల్సిందేమిటంటే, తుపాను లాంటి గత్తరలో కూడా చట్టం ముందే ఆలోచించి రక్షణ రాసిపెట్టింది. వారం ముందే తేదీ తెలిసిన క్రీడాపోటీకి, నెల ముందే అనుకున్న వనభోజనానికి ఎందుకు రాయలేం?

తల్లిదండ్రుల వైపు నుంచి వచ్చే ప్రశ్న వేరు. మీరు సిబ్బందికి కంచెలు కడుతున్నారు, మా బిడ్డకేదైనా అయితే అడగడానికి ఎవరు మిగులుతారు? ఇప్పుడు మిగులుతున్నది ఎవరో చూద్దాం. 6 వేల జీతపు ఆయా, లేదా ఒక సెకండరీ గ్రేడ్ టీచరు. వాళ్ల నుంచి పరిహారం రాదు. వాళ్లను జైలుకి పంపినా, వచ్చే ఏడాది కూడా అదే బీచ్‌కి, అదే ఒక్క టీచరుతో, అరవైమంది పిల్లల్ని పంపే పద్ధతి మారదు. 2024 జనవరి 18న వడోదర హర్ని చెరువులో పడవ మునిగి 12 మంది విద్యార్థులతోపాటు ఇద్దరు ఉపాధ్యాయినులూ చనిపోయారు. పిల్లల వెంట ఉన్నవారి ప్రాణం కూడా ఆ పడవలోనే ఉంది, పడవ కుదిర్చినవారు గట్టున ఉన్నారు. సంతకం పెట్టినవారిని పట్టుకోగలిగితే తల్లిదండ్రులకు అడగడానికి మనుషులు పెరుగుతారే గాని తగ్గరు. కొన్ని ప్రైవేటు బడులు విహారయాత్ర పత్రంలో “యాజమాన్యానికి ఎలాంటి బాధ్యతా లేదు” అని తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకుంటాయి. గ్రేవాల్ తీర్పు వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా ఆ వాక్యం నమ్ముకోవడం అమాయకత్వం. పెట్టాల్సిన సంతకం తల్లిదండ్రులది కాదు, తీసుకెళ్తున్నవారిది.

పోలీసులు కూడా కొత్త చట్టం చేయాల్సిన అవసరం లేకుండానే కొంత చేయగలరు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ మూడో ఉపవిభాగం ప్రకారం, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో పద్నాలుగు రోజుల్లో ప్రాథమిక విచారణ జరపవచ్చు. 106వ సెక్షన్ శిక్షను అయిదేళ్లకు పెంచడంతో బడి ప్రమాదాలు ఆ పరిధిలోకొచ్చాయి, ఒక విధంగా కీడులో మేలు. కాశీబుగ్గ, టెక్కలి డీఎస్పీలు ఆ పద్నాలుగు రోజుల్లో అడగాల్సిన మొదటి ప్రశ్న, పిల్లలు ఎవరి చేతిలో ఉన్నారని కాదు, ఎవరు ఆ చేతిలో పెట్టారని. ఎంతమందిని పెట్టారు, ఆ మనిషికి ఈత వచ్చో రాదో కనుక్కున్నారా, మెరైన్ పోలీసులకు గాని ఊరి మత్స్యకారులకు గాని కబురు చేశారా అని. వాట్సాప్ సందేశం, ఫోన్ కాల్ వివరాలు దొరికితే అవీ ఉత్తర్వుగానే లెక్కించాలి. నోటితో చెప్పినవారు నోరు మెదపకపోతే ఆ మౌనాన్ని వారి ఖాతాలోనే వేయాలి.

ఆదేశం ఎలా ఉండాలన్నది పెద్ద సమస్య కాదు, అరపేజీ చాలు. ఏ తేదీ, ఎక్కడికి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎంతమంది పిల్లలు, వెంట ఎవరెవరు, వాహనం ఏది, ప్రమాదం జరిగితే మొదట ఫోన్ చేయాల్సింది ఎవరికి, ఇది విధి నిర్వహణే అని ఒక వాక్యం, కింద అప్పగించినవారి పేరు, హోదా, సంతకం. ఆయాలనూ వంటవారినీ పిల్లల కాపలాకు పంపకూడదనే నా అభిప్రాయం. వేరే దారి లేని ఏకోపాధ్యాయ బడుల్లో పంపితే వారి పేరూ ఆ అరపేజీలో ఉండాలి. సముద్రతీర విహారాలకు హెచ్ఎం సంతకం చాలదు, మండల విద్యాధికారి (ఎంఈవో) కూడా పెట్టాలి. పెట్టడానికి వారు జంకితే ఆ యాత్ర మానుకోవడమే మేలు. పలాస, టెక్కలి రెవెన్యూ డివిజన్లలో దీన్ని మొదలుపెట్టడానికి జిల్లా విద్యాధికారి ఒక్క సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది, అసెంబ్లీ దాకా వెళ్లక్కర్లేదు. ఆ సర్క్యులర్‌లో ఒక గడువు మాత్రం ఉండాలి. సాయంత్రపు ప్రత్యేక తరగతుల టైంటేబుల్ బడులకు చేరేలోగా, ఆఖరి గంట కొట్టాక పిల్లల్ని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదో ఆ టైంటేబుల్ మీదే రాసి, దాన్ని పంపిన అధికారి సంతకం చేయాలి.